యుస్తీనా ఇచ్చిన శ్రుతి

మా బృందంలో పాట మొదలయ్యే ముందు ఏ వాయిద్యమూ మోగదు. రూబెన్ చెయ్యి పైకెత్తుతాడు. వెనక వరసలో ఎడమ చివర నిలబడ్డ యుస్తీనా సవాత్స్కీ వైపు చూస్తాడు. ఆమె పెదవులు విప్పకుండా ఒక స్వరం పలుకుతుంది. అది పక్కనున్న నలుగురికి మాత్రమే వినపడుతుంది. ఆ నలుగురూ ముందువాళ్లకు అందిస్తారు. రెండు ఊపిరులు తీసేలోపు ఇరవై ఆరుగురికీ చేరుతుంది. చెయ్యి కిందికి దిగుతుంది. పాడతాం.

ఇరవై తొమ్మిదేళ్లు అలాగే జరిగింది. వినడానికి వచ్చినవాళ్లు పాట విన్నారు. పాటకు ముందున్నదాన్ని ఎవరూ వినలేదు.

తొమ్మిది ఊళ్ల వాళ్లం. సోమవారం సాయంత్రం ఏడింటికి నడిమి ఊళ్లోని చర్చి కింది గదిలో కలుస్తాం. కొందరికి పది మైళ్ల దారి, కొందరికి యాభై. పందులు పెంచేవాళ్లు, ట్రాక్టర్లు బాగుచేసేవాళ్లు, ఇద్దరు నర్సులు, టీచర్లు. నేను ధాన్యం గోదాములో పనిచేసి రిటైరైనవాణ్ణి. మగవాళ్లలో కింది గొంతు నాది. యుస్తీనాదీ నాదీ ఒకే ఊరు కావడంతో పదకొండేళ్లుగా ఆమెను నా ట్రక్కులో తీసుకెళ్తున్నాను. ఆమె హార్డ్‌వేర్ షాపు పైన రెండు గదుల్లో ఉండేది. నేను హారన్ కొట్టేవాణ్ణి కాదు. కిటికీలో దీపం ఆరిపోయేది, తర్వాత మెట్ల మీద అడుగులు వినపడేవి.

దారిలో మేం ఎక్కువ మాట్లాడుకునేవాళ్లం కాదు. ఒక ఆట మాత్రం ఉండేది. ధాన్యం ఆరబెట్టే ఫ్యాను దాటితే అడిగేవాణ్ణి. "ఇదేం స్వరం?" ఆమె చెప్పేది. రైలు కూస్తే అడిగేవాణ్ణి. చెప్పేది. కాలవ మీది ఇనప వంతెన టైర్ల కింద రొద చేస్తే అడక్కుండానే చెప్పేది. తలుపు మీద రాసి ఉన్న పేరు చదివినంత తేలిగ్గా చెప్పేది.

ఆ చెవి ఆమెకు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఒకసారి చెప్పింది. పదకొండేళ్లలో తన గురించి అంత పొడుగ్గా మాట్లాడింది అప్పుడే.

ఆమె తండ్రి వాళ్ల పాత చర్చిలో పాట ఎత్తేవాడు. ఆ చర్చిలో వాయిద్యం పాపం. నాలుగు గొంతుల పాట గర్వం. అందరూ ఒకే వరసలో, ఒక్కో మాటనూ సాగదీసి, నెమ్మదిగా పాడాలి. పాట ఎత్తేవాడు ముందు బెంచీలో కూర్చుని మొదటి మాట అందుకుంటాడు. మరీ పైన అందుకుంటే మూడో చరణానికి ముసలివాళ్ల గొంతులు పగులుతాయి. మరీ కింద అందుకుంటే ఆడవాళ్లు నోరు తెరవరు. ఆయనకు రెండూ జరిగాయి. ఒక ఆదివారం పాట మధ్యలోనే ఆగిపోయింది. ఆ రాత్రి ఆయన భోజనం చెయ్యలేదు.

వాళ్ల పశువుల కొట్టంలో మీగడ తీసే మిషను ఉండేది. చేత్తో తిప్పేది. దాని పిడికి చిన్న గంట ఉంటుంది. వేగం చాలనంతసేపూ చుట్టుకోసారి ఆ గంట టింగుమంటుంది. వేగం అందాక గంట ఊరుకుంటుంది, లోపలి గిన్నె ఒక్క స్వరంలో పాడటం మొదలుపెడుతుంది. అప్పుడు పాలు పొయ్యాలి. తొందరపడితే మీగడ నీళ్లగా వస్తుంది. ఆరేళ్ల యుస్తీనా గంట మానేదాకా ఆగేది కాదు.

"ఇంకా రాలేదు నాన్నా. ఇంకొంచెం. ఆఁ, ఇప్పుడు పొయ్యి."

ప్రతిసారీ ఆమె మాట వెంటే గంట ఆగేది. తండ్రి అది గమనించాడు. తరువాతి ఆదివారం బండెక్కేముందు కూతుర్ని పక్కకు పిలిచి, "మిషనులా పాడు" అన్నాడు. ఆమె పాడింది. ఆయన దాన్ని గొంతులో పెట్టుకుని, మైలున్నర దారి ఎవరితోనూ మాట్లాడకుండా చర్చికి చేర్చాడు. ఆ పైన ఏ ఆదివారమూ పాట పగల్లేదు. ఆ స్వరం ఎక్కణ్ణుంచి వస్తోందో ఎవరికీ తెలియదు. ఆడపిల్ల పాట ఎత్తకూడదు. ఆమె ఎత్తలేదు.

ఆ స్వరం పేరు ఎఫ్ అని బళ్లో పంతులమ్మ చెప్పింది. పేరు తెలిసేటప్పటికి ఆ పిల్లకు స్వరం పాతబడింది.

తర్వాత ఆమె నాలుగు గొంతులు పాడే చర్చికి మారింది. తండ్రి ఆదివారం పొద్దున "పాడు" అనడం మానేశాడు. ఆమె పెళ్లి చేసుకోలేదు. లారీల మీద కప్పే మందపు గుడ్డలు కుట్టే ఫ్యాక్టరీలో ముప్ఫై ఒక్కేళ్లు పనిచేసింది. పన్నెండు కుట్టుమిషన్లు ఒక్కసారిగా నడిచే గదిలో, "ఏడోది కిందికి జారుతోంది, చూడండి" అనేది. విప్పి చూస్తే బెల్టు వదులై ఉండేది. ఆ గదిలో ఆమెను జనం అందుకే గుర్తుపెట్టుకున్నారు. మా బృందంలోనూ అంతే. ఆమె గొంతు పెద్దది కాదు, తీయనిదీ కాదు. నీళ్లలా ఉండేది.

ఆమెకు అరవై ఆరో ఏడు నడుస్తుండగా, పొద్దుతిరుగుడు కోతలైన రోజుల్లో, మా కింది గొంతులకు ఏదో అయింది.

కొత్త పాటలో ఒక పేజీ చివర మేం బాగా లోతుకు దిగాలి. కాగితం మీద చూస్తే అది నాకు అందే చోటే. నోరు తెరిస్తే గాలి వచ్చింది కానీ స్వరం రాలేదు. పక్కన కోర్నీ టేవ్స్‌కు కూడా అంతే. అతను పందులు పెంచుతాడు, ఛాతీ పీపాలా ఉంటుంది.

కాఫీ తాగేటప్పుడు పై గొంతుల ఎల్ఫ్రీడా వార్కెంటిన్ బన్ను చేత్తో పట్టుకుని మా బల్ల దగ్గరికి వచ్చింది.

"ఏమయ్యా కోర్నీ, మీ వరస నిద్రపోతోందా? ఆ పేజీ చివర ఏమీ వినపడట్లేదు."

"వినపడేంత పైన ఉంటేగా. అది స్వరం కాదమ్మా, బావి. నీళ్లు కూడా లేవు అందులో."

"ముసలాడివైపోయావని ఒప్పుకోరాదూ."

"నువ్వు మాత్రం పడుచుదానివవుతున్నావు. పోయినేడు పై స్వరాల దగ్గర పిల్లి తోక తొక్కినట్టు అరిచేదానివి. ఇప్పుడు వెన్నలా జారుతోంది. ఏం తింటున్నావేంటి?"

"నీలా పాటకు ముందు పొద్దుతిరుగుడు గింజలు నమిలి ఉమ్మడం మానేశాను."

అందరూ నవ్వారు. యుస్తీనా గోడ పక్కన కుర్చీలో కాఫీ తాగుతోంది. ఆమె కూడా కొంచెం నవ్వింది. రూబెన్ తీసెన్ నవ్వలేదు. అతను మా నాయకుడు, పక్క ఊరి హైస్కూల్లో సంగీతం చెబుతాడు. కప్పులోకి చూస్తూ నిలబడ్డాడు.

ఫిబ్రవరి మొదట్లో ఒక సోమవారం తిరిగి వస్తుంటే యుస్తీనా తనంతట తనే మాట్లాడింది.

"మా చర్చి ఆర్గాన్ని పాడుచేశాడు."

"ఎవరు?"

"శ్రుతి చేసేవాడు. మొత్తం అర మెట్టు పైకి లాగేశాడు. సంఘం పెద్దకి చెప్పాను. మళ్లీ పిలిపించారు. వచ్చాడు, లోపల రెండు గంటలు తిరిగాడు, కాఫీ తాగి వెళ్లాడు. అయినా అలాగే ఉంది."

"పెద్దాయన ఏమన్నాడు?"

"చెప్పి మంచిపని చేశావు యుస్తీనా అన్నాడు. నా మొహం వైపు చూడలేదు."

ఆ పెద్దాయన నాకు పిన్ని కొడుకు. తర్వాత అతన్ని అడిగితే చెప్పాడు. శ్రుతి చేసేవాడు మొదటిసారే అన్నీ సరిగ్గా ఉన్నాయన్నాడట. "సరే, ఆవిడ తృప్తి కోసం ఇంకోసారి రా, కాసేపు లోపల కూర్చుని వెళ్లు" అని వీళ్లే పిలిచారట. మా వాళ్లు అంతే. మనిషికి మాట చెప్పడం కన్నా పట్నం నుంచి మనిషిని రప్పించడం తేలిక.

ఆ సోమవారం నాకు ఇవేవీ తెలియవు. గోదాము దాటాక ఆమె మళ్లీ అంది.

"ఈ గంట మార్చావా?"

"ఏ గంట?"

"బెల్టు పెట్టుకోకపోతే మోగుతుందే, అది. ఎక్కగానే విన్నాను. ఇది వేరేది."

"లేదే. అదే ట్రక్కు, అదే గంట."

మంచు రోడ్డుకు అడ్డంగా పాకుతోంది. ఆమె చాలాసేపు కిటికీలోంచి చూసింది. బయట చూడ్డానికేమీ లేదు.

"రైలు కూడా పైకి పోయింది" అంది. "ఫ్యాను కూడా. అన్నీ పోయాయి గెర్హార్డ్. మన సోమవారం పాట ఒక్కటే ఉన్నచోట ఉంది."

హార్డ్‌వేర్ షాపు ముందు దింపాను. పైన దీపం వెలిగేదాకా ఆగాను.

ఇంట్లో మా అమ్మాయి బడి రోజుల నాటి శ్రుతిదండం ఒకటి ఉంది, కొడితే ఎప్పుడూ ఒకే స్వరం పలికే రెండు కొనల ఉక్కు కమ్మి. తరువాతి సోమవారం దాన్ని కోటు జేబులో పెట్టుకున్నాను. రూబెన్ చెయ్యి ఎత్తాడు. యుస్తీనా శ్రుతి ఇచ్చింది. మేం పాడాం. పాట ముగియగానే ఆ చివరి స్వరాన్ని పెదాల వెనక పట్టుకుని మరుగుదొడ్డికి నడిచాను. తలుపు మూసి, శ్రుతిదండాన్ని మోకాలి మీద కొట్టి, చెవి వెనక ఎముకకు ఆనించాను. మేం అర మెట్టు కింద ఉన్నాం. కొంచెం అటూఇటూ కాదు. సరిగ్గా అర మెట్టు, ఆర్గాన్ మీద ఒక మీటకూ దాని పక్క మీటకూ ఉన్నంత దూరం.

తలుపు తీస్తే రూబెన్ చేతులు కడుక్కుంటున్నాడు. నా చేతిలో ఉన్నది చూశాడు.

"మీరు కూడానా" అన్నాడు. తన జేబులోంచి ఇంకొకటి తీసి చూపించాడు.

"ఎప్పట్నుంచి?"

"పోయిన ఈస్టర్ నుంచి."

"ఏడాది కావస్తోంది. ఒక్క మాట అనలేదే."

"మీకు తెలుసనుకున్నా. కోర్నీకి తెలుసు. ఎల్ఫ్రీడాకి తెలుసు, ఆవిడకి హాయిగా ఉంది కాబట్టి చచ్చినా చెప్పదు. నర్సులకి తెలుసు. వయసు మీద పడితే ఇలాంటి చెవి ఉన్నవాళ్లకి ఇలా జరుగుతుందట. లోకం పైకి జరిగినట్టు వినపడుతుంది. దాంతో వాళ్లిచ్చేది కిందికి జారుతుంది. చెవుడు కాదు, మందూ లేదు."

దాదాపు ఏడాదిగా అందరూ ఎవరికివారు ఆ సంగతి మోస్తున్నారు, వారం నుంచి నేనూ. ఒకరితో ఒకరం అనలేదు. ఆమెతో అసలే అనలేదు.

"కానీ ఇప్పుడు చెప్పాలి" అన్నాడు రూబెన్. "శుభ శుక్రవారం పాట సంగతి తెలుసుగా. మొదటి రెండు పేజీలు మనం ఒంటరిగా పాడతాం. మూడో పేజీలో ఆర్గాన్ వస్తుంది. పట్నం నుంచి వస్తున్నాడు వాయించేవాడు. అర మెట్టు తేడాతో కలిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు."

"అయితే చెప్పు. నాయకుడివి నువ్వు."

"నేను పుట్టిన రాత్రి ఆవిడ మా అమ్మ పక్కన కూర్చుంది. నా నోటితో ఎలా చెప్పను? మీ బండిలోనే వస్తుంది కదా."

"ఆర్గాన్ అతన్నే ముందుగా ఒక స్వరం మెల్లగా నొక్కమంటే పోలే?"

"అనొచ్చు." చేతులు తుడుచుకున్నాడు. "అప్పుడావిడ అక్కడ నిలబడేది ఎందుకు?"

ఆమెకు ఆ చోటు తప్ప వేరే చోటు లేదు. ఆదివారం మధ్యాహ్నాలు ఎవరింటికీ కాఫీకి వెళ్లేది కాదు. పిలిచేవాళ్లు తక్కువ. ఆమె ఉంటే మాటలు ఆగిపోతాయని ఎల్ఫ్రీడా ఒకసారి అంది. నిజమే. ఆమె మాటల్ని కూడా స్వరాల్లాగే వినేది.

మూడు సోమవారాలు గడిచాయి. చెప్పలేదు. ప్రతిసారీ వంతెన దాటాక చెబుదామనుకున్నాను. వంతెన దాటాక ఊరొచ్చేది. ట్రక్కులో ఆట కూడా మానేశాను. నేనెందుకు మానేశానో ఆమె అడగలేదు. నాలుగో వారం ఆమే మాట్లాడింది.

"మీ అమ్మ మీగడ మిషను ఇంకా ఉందా?"

"కొట్టంలో ఉంది."

"మా ఇంట్లోదీ అదే. ఒకే బండిలో వచ్చాయి రెండూ, మా నాన్న చెప్పేవాడు. ఒకసారి తిప్పి చూడొచ్చా?"

శనివారం మధ్యాహ్నం తీసుకొచ్చాను. ముందురోజే దుమ్ము తుడిచి, నూనె పోసి ఉంచాను. మార్చి నెల. కొట్టం చూరు నుంచి మంచు కరిగి బొట్లుబొట్లుగా పడుతోంది. ఆమె కోటు విప్పి మేకుకు తగిలించింది. రెండు చేతులతో పిడి పట్టుకుంది.

మొదట చాలా బరువుగా కదిలింది. టింగ్. తర్వాత కొంచెం తేలికైంది. టింగ్. టింగ్. లోపలి గిన్నె మూలగడం మొదలుపెట్టి, మెల్లగా పైకి ఎక్కింది. ఆమె తల పక్కకు వంచి వింటోంది. ఒకచోట ఆమె మొహం సర్దుకుంది. చెయ్యి ఆ వేగంలోనే నిలిచింది. చాలాకాలానికి ఇల్లు చేరినవాళ్లు గడప దగ్గర అలా నిలబడతారు.

టింగ్. టింగ్. టింగ్.

గంట మానలేదు. ఆమె తిప్పుతూనే ఉంది. చుట్టుకోసారి మోగుతూనే ఉంది. ఆమె గంట వైపు చూసింది. దాన్ని నేను పాడుచేశాననుకుందేమో, నా వైపు కూడా చూసింది. నేను తల అడ్డంగా ఊపాను.

పెదవులు బిగించి ఇంకా వేగంగా తిప్పింది. స్వరం పైకి పోయింది. గంట ఊరుకుంది. కొట్టమంతా గిన్నె పాట ఒక్కటే. ఆ స్వరం నాకు సరిగ్గానే ఉంది. చిన్నప్పుడు మా కొట్టంలోనూ అదే వినేవాణ్ణి. ఆమె మాత్రం ఎవరో తెలియనివాళ్లు పేరు పెట్టి పిలిచినట్టు నిలబడిపోయింది.

పిడి వదిలేసింది. గిన్నె తనంతట తను తిరుగుతూ ఉంది. అది ఆగడానికి చాలాసేపు పడుతుంది. స్వరం కొంచెం కొంచెంగా దిగింది. ఒకచోట ఆమె వేలెత్తింది.

"అదీ" అంది.

అది ఆగలేదు. దిగిపోయింది.

కోటు తొడుక్కుని బొత్తాలన్నీ పెట్టుకున్నాక అంది.

"నీకు తెలుసు."

"తెలుసు."

"ఇంకెవరికి?"

"అందరికీ."

ఆమె తల ఊపింది. "మంచివాళ్లు" అంది. గుమ్మం వైపు నడుస్తూ, "ఇంత మంచివాళ్లు కాకపోతే బాగుండేది" అంది.

కొట్టం వాకిట్లో బురద. చెయ్యి అందించాను. పట్టుకోలేదు.

"సోమవారం పాట ఒక్కటే ఉన్నచోట ఉందనుకున్నాను" అంది ట్రక్కులో. "అదేం లేదన్నమాట. మీరంతా నేనున్న చోటికి దిగొచ్చి పాడారు. ఏడాదిపాటు."

"మాకేం కష్టం కాలేదు."

"కోర్నీకి అయింది. బావి అన్నాడుగా."

శుభ శుక్రవారం నాడు ఆర్గాన్ అతను స్వరం అందిస్తాడు, నువ్వు వట్టినే నిలబడి పాడితే చాలు అని చెప్పాను. చెప్పాల్సినదంతా చెప్పేశాను. ఆమె విన్నదో లేదో తెలియలేదు. మెట్లెక్కి వెళ్లిపోయింది. ఆ రోజు పైన దీపం వెలగలేదు. ఇంకా వెలుతురుంది, నిజమే. అయినా చూస్తూ కూర్చున్నాను.

సోమవారం రాదనుకున్నాను. వచ్చింది. రూబెన్ చెయ్యి ఎత్తాడు. ముందు రోజు నేను ఫోను చేసి చెప్పాను కాబట్టి అతనికి అంతా తెలుసు, అందుకని ఆమె వైపు చూడాలో వద్దో తేలక గోడ గడియారం వైపు చూశాడు. ఆమె ఆగింది. కళ్లు మూసుకుంది. ఎప్పుడూ పట్టనంతసేపు పట్టింది. తర్వాత శ్రుతి ఇచ్చింది.

పేజీ చివరి లోతు దగ్గర నా కాళ్ల కింద నేల ఉంది. కోర్నీ నా పక్కన ఎద్దులా రంకె వేశాడు. పై స్వరం దగ్గర ఎల్ఫ్రీడా గొంతు చీలింది.

"అదిగో, పిల్లి తిరిగొచ్చింది" అన్నాడు కోర్నీ.

"నోర్ముయ్ కోర్నీ" అంది ఎల్ఫ్రీడా. కళ్లు తుడుచుకుంది. రూబెన్ జేబులో చెయ్యి పెట్టి, శ్రుతిదండాన్ని బయటికి తీయకుండానే వదిలేశాడు.

కానీ ఆ సాయంత్రమంతా యుస్తీనా గొంతు వినపడలేదని పక్కనున్న నర్సు నాతో అంది. పెదాలు కదుపుతోందట, అంతే.

దారిలో అడిగాను.

"కాగితం మీద ఒకటి ఉంటుంది, చెవికి ఇంకోటి వస్తుంది" అంది. "మన ఇంట్లో మెట్లన్నీ ఎవరో బెత్తెడు పైకి జరిపితే ఎలా ఉంటుంది? ఎక్కడం తెలుసు, కాలు పడదు. శ్రుతి ఇవ్వడం పర్లేదు. నాది అనుకున్నదానికి అర మెట్టు పైది ఇవ్వాలి, లెక్కే అది. నాకు తప్పుగా వినపడిందే మీకు సరైనది. కానీ పాటంతా అలా పాడాలంటే..." మాట వదిలేసింది.

"పాడకుండా నిలబడినా ఎవరూ ఏమనరు."

"తెలుసు" అంది. "ఎవరూ ఏమనరు."

తరువాతి సోమవారం ఆమె కాగితాలు తెరవలేదు. అట్ట మూసి ఛాతీకి ఆనించుకుని నిలబడింది. నర్సు ఏం పాడితే అది వినిపట్టి వెనకాలే పాడింది. చదవడం రానివాళ్లు అలా నేర్చుకుంటారు. మా బృందంలో అందరికన్నా బాగా చదవగలిగేది ఆమే. రెండు పేజీల పాటకు నాలుగు వారాలు పట్టింది.

శుభ శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి చర్చి నిండింది. పొలాల్లో కరిగిన నీళ్లు నిలిచి ఉన్నాయి. జనం బూట్లన్నీ తడి. ఆర్గాన్ దగ్గర పట్నం అతను వేలు సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నాడు. శ్రుతి తప్పితే రూబెన్ తల ఊపాలి, ఊపితే అతను స్వరం నొక్కాలి. యుస్తీనాకు తెలియకుండా చేసిన ఏర్పాటు అది. ఆమె ఒకసారి ఆ వేలు వైపు చూసింది. కాబట్టి తెలుసు.

రూబెన్ చెయ్యి ఎత్తాడు. ఆమె వైపు చూశాడు.

ఆమె కళ్లు మూసుకుంది. ముందు తన స్వరాన్ని లోపల విని ఉంటుంది, చిన్నప్పటి కొట్టంలోది, తండ్రి మైలున్నర మోసుకెళ్లినది. అది పక్కన పెట్టింది. పెదవులు విప్పకుండా దాని పైదాన్ని పలికింది. నలుగురికి వినపడింది. నలుగురూ అందించారు.

రెండు పేజీలు పాడాం. మూడో పేజీలో ఆర్గాన్ వచ్చింది. వచ్చి మా కింద ఆనింది. ఒక్క తల కూడా తిరగలేదు. ఏమీ జరగలేదు. ఆమె చేసింది అదే, ఏమీ జరగకుండా చేసింది.

నేను ఆమె వైపు చూశాను. పాడుతోంది. అట్ట ఛాతీకి ఆనించుకుని, నర్సు పెదాల వైపు చూస్తూ, మా అందరితో కలిసి, మా ఎవరితోనూ కాకుండా.

తర్వాత కింది గదిలో బన్నులు, చల్లటి ఎండుపళ్ల పాయసం. జనం ఆర్గాన్ అతని చుట్టూ మూగారు. ఏ ఊరావిడో ఒకామె యుస్తీనాకు బన్నుల పళ్లెం అందిస్తూ, "మీరు కూడా పాడారా? నాకు కనపడలేదే" అంది. "వెనక ఉన్నాను" అంది యుస్తీనా. రూబెన్ వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. వచ్చే ఏడు గురించి ఏదో మొదలుపెట్టాడు.

"చూద్దాంలే రూబెన్" అంది. "మీ అమ్మ ఉంటే ఎంత సంతోషించేదో."

బయట ఇంకా ఎండ ఉంది. ట్రక్కు ఎక్కాం. తాళం తిప్పాను. ఆమె ఇంకా బెల్టు పెట్టుకోలేదు, గంట మోగడం మొదలుపెట్టింది. నెలలుగా నోట్లో ఆపుకున్న మాట నాకు తెలియకుండానే బయటికి వచ్చేసింది.

"ఇదేం స్వరం?"

అడిగాక నాలుక కరుచుకున్నాను. ఆమె బెల్టు సగం లాగి ఆపింది. గంట మోగుతూనే ఉంది.

"నీకా, నాకా?" అంది.

ఆమె రెండూ చెప్పింది. ముందు నాది చెప్పింది. తర్వాత బెల్టు పెట్టుకుంది.